‘షాపులనే ఉన్న, పైసలు కట్టాల్నా వద్దా?’ – కొండదారి బండ్ల రిమ్ములు, టైర్ల మీద ఫోన్-ఇన్

(ఆదివారం పొద్దున గంటసేపు నడిచిన కార్యక్రమం ఇది. ప్రకటనలు, లైను కలవని కాల్స్ తీసేశాం. ఫోన్ చేసినవాళ్ల ఊళ్లు మాత్రమే ఇస్తున్నాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. థార్, జిమ్నీ, గూర్ఖా లాంటి బండి కొన్నవాళ్లు మొదటి నెల తిరక్కుండానే చేసే పనొకటుంది. కంపెనీ ఇచ్చిన చక్రాలు పీకేసి వేరేవి వేయించడం. ఏవి వేయించాలి, అసలు వేయించాలా అన్నది ఈ రోజు మాట్లాడుకుందాం. రాజమండ్రిలో ముప్ఫయ్యేళ్లుగా టైర్ల పనిలో ఉన్న మేస్త్రి గారు స్టూడియోకి వచ్చారు.

మేస్త్రి: నమస్కారమండి. ముప్ఫై కాదండి, 27. మొదటి మూడేళ్లూ పంచర్లే వేశాను, అవి లెక్కలోకి రావంటాడు మా అన్నయ్య.

వ్యాఖ్యాత: అప్పుడే ఒకరు లైన్లో ఉన్నారు. హలో, చెప్పండి.

శ్రోత (తాండూరు): హలో, నమస్తే అన్నా. జర జల్ది చెప్పాలె. నేను షాపులనే ఉన్న. పైసలు కట్టెతందుకు కార్డు చేతుల పట్టుకున్న.

వ్యాఖ్యాత: అయ్యో, ఆగండాగండి. షాపు పేరు చెప్పకండి. ఊరు, బండి చెప్పండి చాలు.

శ్రోత: మాది తాండూరు. టైర్ల కోసమే హైదరాబాద్ వచ్చిన. థార్ ఉన్నది, 2022ది, డీజిల్, ఫోర్ బై ఫోర్. ఇప్పుడు బండికున్నయి 255/65 ఆర్18. ఈడ నల్లటి అలాయ్‌లు చూసిన, 20 ఇంచులయి. మస్తున్నయన్నా. దాని మీదికి 265/50 ఆర్20 టైర్ వేస్తమంటున్రు.

మేస్త్రి: బాగానే ఉంటాయి బాబూ, చూడ్డానికి. ముందు ఒకటి చెప్పు. బండి ఎక్కడ తిరుగుద్ది?

శ్రోత: చేను కాడికి పోతది. కంది చేను, మొత్తం నల్లరేగడి. ఇంకోటి, మా బావోళ్లకు బండల పని ఉన్నది, నాపరాళ్ల గని. ఆడికి కూడ వారానికి రెండుసార్లు పోత.

మేస్త్రి: అయితే ఆ కార్డు జేబులో పెట్టు. నువ్వు చెప్పిన అంకెలే నీకు లెక్కగట్టి చెప్తాను. 255/65 ఆర్18 అంటే టైరు వెడల్పు 255 మిల్లీమీటర్లు, అందులో నూటికి 65 వంతులు సైడ్‌వాల్, అంటే టైరు పక్కగోడ ఎత్తు, చివరి 18 రిమ్ము అంగుళాలు. సైడ్‌వాల్ 166 మిల్లీమీటర్లు, జానెడు కంటే తక్కువ. అదే 265లో 50 వంతులంటే 132. రిమ్ముకీ నేలకీ మధ్యనున్న రబ్బరు మూడు సెంటీమీటర్లు పైనే పోయింది. నాపరాయి అంచు కత్తిలా ఉంటదని నీకు నేను చెప్పక్కర్లేదు. దాని మీదికెక్కినప్పుడు రాయికీ రిమ్ము అంచుకీ మధ్య టైరు నలుగుద్ది. ఇనప రిమ్మైతే వంగుద్ది, సుత్తితో కొట్టి మళ్లీ దారికి తెచ్చుకోవచ్చు. అలాయ్ అయితే పగులుద్ది.

శ్రోత: కాని పెద్ద చక్రమైతే బండి లేస్తది గదన్నా?

మేస్త్రి: అక్కడే ఉంది మోసం. మోసమంటే షాపువాళ్లది కాదు, మన కంటిది. రిమ్ము పెద్దదైంది, టైరు కాదు. నీ పాత టైరు నేల నుంచి నెత్తి దాకా 789 మిల్లీమీటర్లు. ఆ 20 ఇంచులది 773. అంటే అంత డబ్బూ పోసి బండిని 8 మిల్లీమీటర్లు కిందకి దింపుకుంటున్నావు.

శ్రోత: (నవ్వు) గట్లెట్లన్నా!

మేస్త్రి: కావాలంటే అక్కడే కాగితం మీద వేసి చూస్కో. రిమ్ము అంగుళాల్ని 25.4తో హెచ్చించు, సైడ్‌వాల్‌ని రెండుసార్లు కలుపు. ఇప్పుడు నీకు నా మాట. మీ థార్‌లోనే తక్కువ ధర వేరియంట్‌కి కంపెనీ 16 అంగుళాల ఇనప రిమ్ములిచ్చింది, టైరు 245/75 ఆర్16. ఎత్తు 774, ఆ 20 ఇంచుల దానికీ దీనికీ ఎత్తులో తేడానే లేదు. కానీ సైడ్‌వాల్ 184 మిల్లీమీటర్లు. తేడా అంతా రబ్బరులోనే ఉంది. కంపెనీ ఆ బండికే ఇచ్చిన రిమ్ము గనక లోపల బ్రేకుకి తగులుద్దేమో అన్న బెంగ లేదు. చాలామంది కొత్తబండి తేగానే వాటిని పీకి అమ్మేస్తుంటారు, చవగ్గా దొరుకుతాయి.

శ్రోత: ఇనుపయా... మా దోస్తులు నవ్వుతరన్నా.

మేస్త్రి: నవ్వనీ. గనిలో వాళ్ల అలాయ్ పగిలిన రోజున నువ్వు నవ్వుదువు గాని.

వ్యాఖ్యాత: మరి రేగడికి? ఆయనది నల్లమట్టి కదా.

మేస్త్రి: రేగడి సంగతి వేరండి. టైరు కటింగులో మూడు రకాలు అనుకోండి. హెచ్‌టీ రోడ్డుకి, ఏటీ రోడ్డుకీ మట్టికీ, ఎంటీ ఒట్టి బురదకి. రేగడి తడిస్తే టైరు సందుల్లోకి ఎక్కి కూర్చుంటది. నాలుగు చుట్లు తిరిగేసరికి టైరు మీద కటింగే కనపడదు, నున్నగా పిండిముద్దలా అయిపోద్ది. ఇక ఏ కంపెనీదైనా ఒకటే, జారుతుంది. టైరు మీద ఉబ్బెత్తుగా ఉండే ముక్కల్ని బటన్లంటాం, ఎంటీకి వాటి మధ్య సందులు పెద్దవి. చక్రం కాస్త గట్టిగా తిప్పితే ఆ మట్టిని తనే విసిరేస్తుంది. ఎంటీకి డబ్బు పెట్టేది ఆ విసిరే గుణానికే. కానీ మోకాలు లోతు రేగడికి ఎంటీ కూడా చాలదు బాబూ. ట్రాక్టరుకే దమ్ము చక్రాలు కట్టుకుని దిగుతాం. వానాకాలంలో ఆ రెండు నెలలూ చేను గట్టు మీద బండి ఆపి నడిచెళ్లు. మిగతా పది నెలలకీ ఏటీ చాలు.

శ్రోత: ఈడ 16 ఇంచుల ఏటీ టైర్లు ఉన్నయంటున్నరు అన్నా. నాలుగు సెట్టు, తగ్గించి ఇస్తరంట.

మేస్త్రి: తగ్గించి ఎందుకిస్తన్నారో చూడాలి కదా. టైరు సైడ్‌వాల్ మీద డీఓటీ అని ఒక అక్షరాల వరస ఉంటది. దాని చివర నాలుగంకెలు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. ఐఎస్ఐ ముద్ర కూడా చూడు. నాలుగింటి మీదా చదివి మళ్లీ ఫోన్ చెయ్యి. ఆ అంకెలు ఒక వైపే ఉంటాయి చాలాసార్లు, కనపడకపోతే టైరు తిరగేసి చూడు. ఒక్కటి చూసి నాలుగూ అంతేలే అనుకోకు.

శ్రోత: సరే అన్నా. లైన్ మళ్ల కలుస్తదా?

వ్యాఖ్యాత: కలుపుతాం. కార్డు మాత్రం జేబులోనే. తర్వాత విజయవాడ.

శ్రోత (విజయవాడ): నమస్కారమండి. నాది జిమ్నీ, 2023లో తీసుకున్నాను. ఆఫీసు తిరుగుడంతా సిటీలోనే. నెలకోసారి నలుగురం కలిసి మారేడుమిల్లి వైపు వెళ్తుంటాం. కంపెనీ టైరు 195/80 ఆర్15, సన్నగా సైకిల్ టైర్లా కనిపిస్తోంది. 235/75 ఆర్15 ఎంటీ వేద్దామని. రిమ్ము కూడా మార్చాలంటున్నారు.

మేస్త్రి: రిమ్ము మార్చాలన్నది నిజమే అండి. జిమ్నీ రిమ్ము వెడల్పు అయిదున్నర అంగుళాలు. 235 టైరుకి కనీసం ఆరు కావాలి. మీది 693 మిల్లీమీటర్ల టైరు, అది 733. నలభై పెరిగింది. బండి మాత్రం ఇరవయ్యే లేస్తది, మిగతా సగం పైకి, బానెట్టు వైపు పోతుంది. అంటే స్టీరింగు పూర్తిగా తిప్పి గుంటలో దిగినప్పుడు టైరు బంపరుకో మడ్ ఫ్లాపుకో రాసుకుంటది. అది రాయకుండా బండిని పైకెత్తే లిఫ్ట్ కిట్టు. లిఫ్ట్ వేశాక ఇంకోటి. పెళ్లికని మొదలెడితే ఇల్లంతా సున్నం వేసినట్టు.

శ్రోత: మైలేజీ ఎంత తగ్గుద్దంటారు?

మేస్త్రి: ఇంత అని చెప్పను. నడిపేవాడి కాలిని బట్టి. కానీ అది 105 హార్స్‌పవర్ ఇంజను. చక్రం దాదాపు ఆరు శాతం పెద్దదైతే గేర్లన్నీ ఆరు శాతం బరువెక్కినట్టే. మూడో గేరులో ఎక్కే మెట్ట రెండో గేరు అడుగుతుంది. పైగా ఎంటీ టైరు కంపెనీ టైరు కంటే బరువు. ఆ బరువు స్ప్రింగు మీద కాదు, స్ప్రింగు కింద. గుంటలో పడిన ప్రతిసారీ తెలుస్తుంది. ఇంకోటి, స్పీడోమీటరు 80 చూపిస్తుంటే మీరు దాదాపు 85లో ఉంటారు. కెమెరాకి మీ మీటరుతో పనిలేదు.

వ్యాఖ్యాత: మేస్త్రి గారూ, మారేడుమిల్లికి ఎంటీ అక్కర్లేదంటారా?

మేస్త్రి: మీరే చూడండి. విజయవాడ నుంచి రంపచోడవరం దాకా తారు. అక్కణ్ణుంచి మారేడుమిల్లి తారు. చింతూరు దిగే ఘాటు తారు. మట్టిలో దిగేది ఏ పది కిలోమీటర్లో. ఘాట్లో వాన పడుతుంటే తడి తారు మీద ఎంటీ అంత ప్రమాదం ఇంకోటి లేదండి. బటన్లు పెద్దవి, వాటి మీద నీటిని చీల్చే సన్నటి గీతలు తక్కువ, రోడ్డుకి ఆనే రబ్బరే తక్కువ. బ్రేకు తొక్కితే ఆగాల్సిన చోట ఆగదు. పోతూ పోతూ గుయ్యిమని ఒకటే మోత, పక్కనున్నాయన మాట వినపడదు. అడవిలోకి దింపుదామంటే రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా బండి దింపితే అటవీ శాఖ వాళ్లు కేసు రాస్తారు. ఎంటీ టైరుందని వదలరు.

శ్రోత: అయితే ఏం వెయ్యమంటారు?

మేస్త్రి: 215/75 ఆర్15, ఏటీ. ఉన్న రిమ్ము మీదే కూర్చుంటది. 703 మిల్లీమీటర్లు, కంపెనీ దాని కంటే శాతంన్నరే ఎక్కువ. లిఫ్టు లేదు, రాయడం లేదు. కాస్త నిండుగా కూడా కనపడుద్ది. రిమ్ము మీద మోజు తీరకపోతే తర్వాత చూద్దురు గాని.

శ్రోత: మోజు ఉందండీ, దాచడం ఎందుకు. ఆరించీల వెడల్పు అలాయ్ ఒకటి చూశాను, ఆఫ్‌సెట్ మైనస్ 20 అన్నాడు. అదేంటో అర్థం కాలేదు.

మేస్త్రి: ఇది జాగ్రత్తగా వినండి, బయటివాళ్లకి కూడా పనికొస్తుంది. రిమ్ము వెడల్పుకి సరిగ్గా నడుమ ఒక గీత గీశారనుకోండి. బండికి బిగించే ముఖం ఆ గీతకి బయటివైపుంటే ప్లస్, లోపలికుంటే మైనస్. మీ జిమ్నీది ప్లస్ 5. మైనస్ 20 వేశారంటే చక్రం 25 మిల్లీమీటర్లు బయటకి జరిగింది, రెండు పక్కలా. బండి కాళ్లు చాపి నిలబడ్డట్టు బాగుంటది. కానీ బరువంతా వీల్ బేరింగు మీద పక్కకి లాగుతుంది, స్టీరింగు చేతిలో కొట్టుకుంటుంది, చక్రం ఎత్తిన బురదంతా తలుపుల మీదికి. ఫెండరు దాటి టైరు బయటికి వస్తే దారిలో పోలీసు కళ్లన్నీ మీ మీదే.

వ్యాఖ్యాత: చట్టం ఏమంటుంది?

మేస్త్రి: మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉందండి. కంపెనీ చెప్పిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అందుకే నేను ఎవరికైనా, ఆ మోడల్లో ఏదో ఒక వేరియంట్‌కి కంపెనీ ఇచ్చిన సైజే మొదట చూడమంటాను. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సు సర్వేయరు మొదట చూసేవి ఇలాంటివే.

శ్రోత: బోల్టులు సరిపోతే ఏ రిమ్మైనా వెయ్యొచ్చా?

మేస్త్రి: బోల్టులు సరిపోవడం ఒక్కటే కాదండి. జిమ్నీకి అయిదు బోల్టులు, పీసీడీ, అంటే ఆ బోల్టులు కూర్చునే వలయం అడ్డకొలత, 139.7 మిల్లీమీటర్లు. పాత జిప్సీదీ అదే. మధ్య రంధ్రం 108 మిల్లీమీటర్లు. అది హబ్బు మీద సరిగ్గా కూర్చోవాలి. ఇక నట్టు. నా తప్పు ఒకటి చెప్తాను. పదిహేనేళ్ల కిందట ఒకాయనకి కొత్త అలాయ్‌లు బిగించాను, పాత నట్లతోనే. పాత నట్టు కూర్చునే భాగం బంతిలా గుండ్రం. కొత్త రిమ్ములో గుంట గరాటులా ఏటవాలు. బిగించినప్పుడు బాగానే బిగుసుకుంది, నాకు తేడా తెలీలా. నట్టు గుంటలో గీత మందం చోటే ఆనుతోంది. మూడో రోజు ఆయన ఫోన్ చేశాడు, ఎడం పక్క టక్ టక్‌మంటోందని. బండి తెప్పించి చక్రం ఊడదీస్తే రిమ్ములో బోల్టు బెజ్జాలు కోడిగుడ్డులా సాగిపోయి ఉన్నాయి. రెండు నట్లు చేత్తోనే తిరిగాయి. చక్రం ఊడి గోదావరిలో పడాల్సింది, ఆయన అదృష్టం, నా అదృష్టం. రిమ్ములు నాలుగూ నా డబ్బుతోనే కొనిచ్చాను. అప్పట్నుంచి రిమ్ము మారిస్తే నట్లు మారుస్తాను. 50, 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి రమ్మని టార్క్ రెంచితో బిగిస్తాను. రాకపోతే నేనే ఫోన్ చేస్తాను.

శ్రోత: బాబోయ్. 215తోనే ఆగుతాను లెండి.

వ్యాఖ్యాత: (నవ్వు) ఒకరికి డబ్బు మిగిల్చారు. పాడేరు నుంచి ఒక సోదరి. చెప్పండమ్మా.

శ్రోత (పాడేరు): నమస్కారం మేస్త్రి గారూ. మాకు కాఫీ తోట ఉంది. బొలెరో, టూ వీల్ డ్రైవే. 215/75 ఆర్15. తోట నుంచి మెయిన్ రోడ్డుకి రెండు కిలోమీటర్లు ఎర్రమట్టి, మధ్యలో ఒక గెడ్డ దాటాలి. వానల్లో ఎక్కుడులో వెనక చక్రాలు తిరుగుతూ ఉండిపోతాయి. మా ఆయన ముందు రెండూ మామూలువి ఉంచి వెనక రెండూ పెద్ద సైజు బురద టైర్లు వేద్దామంటున్నారు.

మేస్త్రి: అమ్మా, వెనక పెద్దవి వద్దు. బండి ముక్కు మీదికి వంగుతుంది, బ్రేకు తొక్కితే చక్రాలు పట్టెయ్యకుండా చూసే ఏబీఎస్‌కి ముందు చక్రాల లెక్కా వెనక చక్రాల లెక్కా కుదరక తికమక పడుద్ది. అదే ఫోర్ బై ఫోర్ అయితే ఇంకా ఘోరం. ముందూ వెనకా ఒకే వేగంతో తిరగాలని ఇరుసులు పట్టుబడతాయి, టైర్లు ఒప్పుకోవు, మధ్యలో గేరుబాక్సు నలుగుద్ది. నాలుగూ ఒకే సైజు, ఒకే రకం. స్టెప్నీ కూడా.

శ్రోత: మరి ఎక్కడం ఎలా అండి? మా ఊళ్లో పాత జీపులు అదే దారిలో సునాయాసంగా ఎక్కేస్తాయి. వాటి టైర్లు చూస్తే మావాటికన్నా సన్నం.

మేస్త్రి: భలే మాట పట్టుకున్నారమ్మా. అందరూ వెడల్పు వెడల్పు అంటారు గాని, బొర్రా గుహల దగ్గర కటికి జలపాతానికి జనాన్ని ఎక్కించుకు పోయే జీపులు చూడండి. పాత జీపులకి వచ్చేది 6.00-16 సైజు, ఆరంగుళాల వెడల్పు. ఎత్తు టైరు, సన్నటి టైరు, లోతు బటన్లు. ఎర్రమట్టి మీద ఒక వేలెడు జారుడు పొర ఉంటది, కింద గట్టి నేల. సన్న టైరు ఆ పొరని కోసుకుని గట్టిదాన్ని పట్టుకుంటుంది. వెడల్పు టైరు పైపైనే తేలి జారుతుంది. ఇసకకీ అడుగులేని బురదకీ లెక్క వేరు. మీ దారికి ఇదే లెక్క. మీకు 215 దాటొద్దు. అదే సైజులో ఏటీ నాలుగు వేయించండి. వెనక బస్తాలుంటే ఎక్కుద్దా, ఖాళీగా ఉంటే తిరుగుద్దా?

శ్రోత: అవునండి! కాఫీ బస్తాలేసినప్పుడు ఎక్కేస్తుంది.

మేస్త్రి: వెనక చక్రాల బండి కదా, బరువు వెనక పడితే పట్టు. ఖాళీగా వెళ్లే రోజున రెండు ఇసక బస్తాలు వెనక ఇరుసు మీద పడేలా వేసుకోండి. ఎక్కుడు ముందు వెనక టైర్లలో గాలి 22 పీఎస్ఐ దాకా తగ్గించండి. కాఫీ బస్తాల బరువు వేసిన రోజున మాత్రం తగ్గించొద్దు. మెయిన్ రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపాలి. సిగరెట్ లైటరు సాకెట్లో పెట్టుకునే చిన్న కంప్రెసరు ఒకటి కొనుక్కోండి. రిమ్ముల ముందు అది కొనండి. ఇంకోటి, టైరు సైజు పక్కనే ఒక అంకె ఉంటది, లోడ్ ఇండెక్స్. 100 అంటే ఆ ఒక్క టైరు 800 కిలోలు మోస్తుంది, 104 అంటే 900. బస్తాలు వేసే బండి కనక ఇప్పుడున్న అంకె కంటే తక్కువది ఎంత చవకైనా తీసుకోకండి.

శ్రోత: సరేనండి. ఆయన్ని కూడా వినమన్నాను, పక్కనే ఉన్నారు.

మేస్త్రి: ఆయనకి కోపం వచ్చిందా?

శ్రోత: ఇసక బస్తాలు ఎత్తేది ఆయనే కదండి, అందుకు వచ్చింది.

వ్యాఖ్యాత: (నవ్వు) కువైట్ నుంచి ఒకరు చాలాసేపట్నుంచి ఆగున్నారు. చెప్పండి.

శ్రోత (కువైట్): అన్నా, నమస్తే. మాది రాయచోటి దగ్గర పల్లె. ఈడ డ్రైవర్‌గా చేస్తాండా. కఫీల్‌ది, అంటే నన్ను పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానిది, ల్యాండ్ క్రూజర్, 285/60 ఆర్18. చలికాలం వస్తే ఎడారిలో టెంట్లేసుకుంటారన్నా, నెలల తరబడి. సామాన్లు నేనే దింపల్ల. పోయిన తూరి రెండుసార్లు ఇసుకలో కూరుకుపోయినాది. ఆయన ఎంటీ టైర్లు ఏయిస్తానంటాండాడు.

మేస్త్రి: ఎడారికి ఎంటీనా? వద్దని చెప్పు తమ్ముడూ. ఇసకలో ఎంటీ గడ్డపార. తిప్పినకొద్దీ తవ్వుకుంటూ కిందకి పోద్ది. ఇసక మీద తేలాలి గాని తవ్వకూడదు. కూరుకుపోయినప్పుడు గాలి ఎంతుంది?

శ్రోత: రోడ్డు మీద ఎంతుంటాదో అంతే. 35.

మేస్త్రి: అదే నీ జబ్బు. టైరుది కాదు. 15 నుంచి 18 దాకా దింపి చూడు.

శ్రోత: అంత తక్కువనా? టైరు వెడల్పు అయ్యి తేలుతాదా అన్నా?

మేస్త్రి: వెడల్పు కొంచెం అవుద్ది, కానీ ఎక్కువ పెరిగేది పొడవులోనే. నేలకి ఆనే ముద్ర ముందుకీ వెనక్కీ సాగుద్ది.

శ్రోత: ఒంటె పాదం మాదిరి. కింద పెడితే మెత్తగా పరుచుకుంటాది, మునగదు.

మేస్త్రి: చూశారా, నేను పావుగంట చెప్పేది ఒక ముక్కలో చెప్పేశాడు. అంతే తమ్ముడూ. కాకపోతే ఆ గాలితో స్పీడు వద్దు, స్టీరింగు గిరుక్కున తిప్పొద్దు. టైరు అంచు రిమ్ము నుంచి ఊడొచ్చేస్తుంది. గోదావరి ఇసక తిప్పల మీద కుర్రతనంలో నేను 8 దాకా దింపి చక్కర్లు కొట్టాను. టైరు ఒలిచిన అరటితొక్కలా పక్కకి వచ్చేసింది. చుట్టూ బెల్టు పట్టీ వేసి బిగించి, అంచులు రిమ్ముకి ఆనాక గాలి కొట్టి కూర్చోబెట్టేసరికి మధ్యాహ్నమైంది. భోజనం లేదు. తిరిగి రోడ్డెక్కే ముందు మళ్లీ 35 నింపాల్సిందే. తక్కువ గాలితో తారు మీద వందలో పోతే సైడ్‌వాల్ లోపల్లోపల వేడెక్కి చిరిగిపోద్ది, మీ ఎండలకి మరీను.

శ్రోత: కఫీల్‌కి ఏం చెప్పల్లన్నా?

మేస్త్రి: ఉన్న టైర్లే చాలని చెప్పు. మార్చాల్సి వస్తే ఏటీ. మంచి గాలి మీటరు, కంప్రెసరు కొనిపించు. మిగిలిన డబ్బు నీ జీతంలో కలపమను.

శ్రోత: (నవ్వు) ఆ ముక్క నువ్వే చెప్పన్నా, అరబ్బీలో.

వ్యాఖ్యాత: వాట్సాప్‌లో వచ్చినవి రెండు మూడు చదువుతాను, చిన్నగా చెప్పండి. గుంటూరు నుంచి, సైడ్‌వాల్ పంచర్ వేయించొచ్చా?

మేస్త్రి: వద్దు. నేలకి ఆనే చోటైతే లోపల్నుంచి ప్యాచ్ వేస్తాం. పక్కన పడితే ఆ టైరు అయిపోయింది.

వ్యాఖ్యాత: కర్నూలు నుంచి, చక్రం బయటికి రావడానికి రిమ్ముకీ హబ్బుకీ మధ్య స్పేసర్లనే బిళ్లలు వేస్తే?

మేస్త్రి: ఇందాక ఆఫ్‌సెట్‌కి చెప్పిందే, పైన ఇంకో బిగింపు కలిసింది. ఊడే చోటు ఒకటి ఎక్కువైంది. నేను బిగించను.

వ్యాఖ్యాత: కరీంనగర్ నుంచి, ఏటీ టైరు ఎప్పుడు మార్చాలి?

మేస్త్రి: రూలు ప్రకారం సందుల లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చినప్పుడు. సందుల్లో గుర్తులు చిన్న గట్టుల్లా కనపడతాయి, బటన్లు అరిగి వాటితో సమానమైతే తీసెయ్యాలి. బురదలో తిరిగేవాళ్లకి అంతకు చాలా ముందే పట్టు పోతుంది. ఎనిమిది పదివేల కిలోమీటర్లకోసారి స్టెప్నీతో కలిపి అయిదూ మార్చి మార్చి తిప్పండి. లేకపోతే నాలుగూ అరిగాక స్టెప్నీ ఒక్కటే కొత్త పెళ్లికొడుకులా మిగులుద్ది, దాన్ని ఎవరితోనూ జత కట్టలేం.

వ్యాఖ్యాత: మన తాండూరు అన్న మళ్లీ లైన్లోకి వచ్చారు. కార్డు ఎక్కడుంది?

శ్రోత (తాండూరు): జేబులనే ఉన్నదన్నా. నాలుగు టైర్లు తిరగేయిపిచ్చిన. ఆ పిలగాడు నన్ను తిట్టుకున్నడు మనసుల.

మేస్త్రి: తిట్టుకోనీ. చదువు.

శ్రోత: మొదటిది 0924. రెండోది 0924. మూడోది గూడ 0924. నాలుగోది... ఆగన్నా, మట్టి తుడుస్త. నాలుగు, ఒకటి, ఒకటి, ఎనిమిది.

మేస్త్రి: 4118. 2018 అక్టోబరు.

శ్రోత: అవునన్నా. పేరొకటే, సైజొకటే, కటింగొకటే. కొత్తదే, బటన్ల మీద సన్నపు ఎంట్రుకలు గూడ ఉన్నయి.

మేస్త్రి: వాడనిదే అయ్యుంటుంది. కానీ అన్నేళ్లు గోడౌన్లో ఎండిన రబ్బరు. బటన్ల మధ్య, అడుగున, గోరుతో నొక్కి పక్కకి లాగి చూడు. సన్నటి పగుళ్లు కనపడుతున్నాయా?

శ్రోత: ...కనవడుతున్నయి. తలవెంట్రుక లెక్క. మిగతా మూడింటికి లేవు.

మేస్త్రి: ఆ ఒక్కదాన్ని పక్కన పెట్టించు. మిగతా మూడూ అదే రేటుకి ఇచ్చి నాలుగోది కూడా 24వ సంవత్సరందే తెప్పిస్తామంటే తీసుకో. లేదంటే బయటికొచ్చెయ్. స్టెప్నీలోకి వాడుకోండి అంటాడు, దానికీ ఒప్పుకోకు.

శ్రోత: గదే అంటున్నడన్నా ఇప్పుడే, నా పక్కన నిలవడి. “స్టెప్నీకి పనికొస్తది సార్” అని.

వ్యాఖ్యాత: (నవ్వు) ఫోన్ ఆయనకి ఇస్తారా?

శ్రోత: వద్దంటున్నడు. లోపలికి పోయిండు, ఓనర్‌ని అడిగొస్తనని. నేను ఈడనే కూసుంట. చాయ్ గూడ తెప్పిచ్చిన్రు.